సగం చుట్టు తిరిగిన నట్టు

"సెనా కారు మీ చేతుల్లోంచి ఎన్నింటికి వెళ్ళింది?"

"పదకొండున్నరకి."

"మీ గ్యారేజీ నుంచేనా?"

"కాదు. ఫిట్‌నెస్ పరీక్ష ఆఫీసు ఎదురుగా ఉబుకాత గారి షెడ్డుంది. పరీక్షకి ముందు మెకానిక్కులందరం అక్కడే లైట్లూ చక్రాలూ ఒకసారి సరిచూయించుకుంటాం. పరీక్షయ్యాక కూడా కార్లు ఆయన దగ్గరే పెట్టి, కాగితాల కోసం కౌంటర్ దగ్గర కూర్చుంటాం. సెనా గారు అక్కడే తాళం తీసుకుని వెళ్ళిపోయారు."

"ఎక్కడికని చెప్పాడా?"

"కురోతాకే ఘాట్ రోడ్డుకి. సోమవారం కదా, సెలూన్‌కి సెలవు. కొత్త స్ప్రింగులు కొండమీద ఎలా ఉంటాయో చూస్తానన్నారు."

సబ్‌ఇన్‌స్పెక్టర్ నెజు మిసావో ఆ మాటను ఉన్నదున్నట్టుగా రాసుకుంది. బుధవారం ఉదయం తొమ్మిదీ నలభై. అంతకు రెండు రోజుల ముందు, సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటా యాభై రెండు నిమిషాలకు, సెనా యోషిహారు అనే ముప్ఫై మూడేళ్ళ మంగలి నడుపుతున్న తెల్ల స్పోర్ట్స్ కారు ఘాట్ రోడ్డు అయిదో మలుపు దగ్గర రెయిలింగు దాటి రాళ్ళ మీద పడింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. వెనకే వస్తున్న పాల ట్యాంకర్ డ్రైవర్ చెప్పిన వాంగ్మూలం నెజు ఫైల్లో పైనే ఉంది: 'బ్రేకు లైట్లు వెలిగాయి. వేగం తగ్గింది. అయినా కారు తిరగలేదు.'

ఆ చివరి వాక్యమే రెండు రోజులుగా ఆమెకు నిద్ర లేకుండా చేస్తోంది.

ఎదురుగా కూర్చున్న ఒరిమో కెంగోకి నలభై ఏడేళ్ళు. ఆ చుట్టుపక్కల స్పోర్ట్స్ కార్లకు మెరుగులు దిద్దే గ్యారేజీ అతనిది. ముందు పెట్టిన బార్లీ టీ ముట్టుకోలేదు. అడిగినదానికి తప్ప నోరు విప్పడం లేదు.

"ఆ కారుకి మీరు చేసిన మార్పులన్నీ చెప్పండి."

"గట్టి స్ప్రింగులు వేసి మూడు సెంటీమీటర్లు కిందకి దించాను. నేలకీ కారు అడుగుకీ మధ్య తొమ్మిది సెంటీమీటర్ల ఖాళీ ఉండాలని రూలు. తొమ్మిది మీద ఇంకో నాలుగు మిల్లీమీటర్లు ఉంచాను. సైలెన్సర్ మార్చాను. ఆ కారుకి తొంభై ఆరు డెసిబెల్స్ దాకా ఒప్పుకుంటారు, పరీక్షలో తొంభై రెండొచ్చింది. ఇంజిన్ కంప్యూటర్లో లెక్కలు మార్చాను. పొగ, ఉండాల్సిన దాంట్లో పదో వంతు కూడా లేదు."

"ఇన్ని హద్దుల్లో పెట్టాక ఇంక వేగం ఏం పెరుగుతుంది?"

మొదటిసారి ఒరిమో ముఖంలో కాస్త కదలిక కనిపించింది. "పెరుగుతుందండీ. రూలు పక్కన పడేసి వేగం పెంచడం ఎవడైనా చేస్తాడు. రూలు లోపల ఉండి పెంచాలంటేనే పని తెలిసుండాలి. నా దగ్గర బిగించిన కారు మర్నాడైనా, మరో ఏడాదికైనా, ఒక్క బోల్టు మార్చకుండా పరీక్షకి వెళ్ళి పాసవ్వాలి. కాకపోతే నేను ముట్టుకోను."

తలుపు తట్టకుండానే తెరుచుకుంది.

"ఎంత చక్కగా చెబుతున్నాడో!" అంటూ మకాబే లోపలికి వచ్చాడు. హెడ్‌క్వార్టర్స్ ట్రాఫిక్ విభాగం ఇన్‌స్పెక్టర్. నెజు, అతనూ ఒకే ఏడాది ట్రైనింగ్ అయ్యారు. అప్పట్నుంచీ ఏ కేసులోనూ ఇద్దరికీ ఒక మాట కుదరలేదు. "ఇతగాళ్ళ నాటకం నీకు తెలీదు నెజూ. పరీక్ష రోజు పొద్దున కంపెనీ స్ప్రింగులు, కంపెనీ సైలెన్సర్ బిగించి బుద్ధిమంతుడిలా తీసుకెళ్తారు. కాగితం మీద ముద్ర పడగానే పాతవి పీకేసి దొంగ సామాను ఎక్కిస్తారు. పరీక్ష పదీ ముప్ఫై ఒకటికి. ప్రమాదం ఒకటీ యాభై రెండుకి. మధ్యలో మూడు గంటలు. అనుభవమున్నవాడికి గంట చాలు. ఏం ఒరిమో, అంతేనా?"

ఒరిమో మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఆ పని మానేసి ఆరేళ్ళయింది."

"అదిగో!" మకాబే చిటికేశాడు. "మానేశాడంట. అంటే చేసేవాడన్నమాట. రాసుకో నెజూ, నేను చెప్పింది కాదు, ఆయన నోటితోనే వచ్చింది. సాయంత్రం నాలుగింటికి అరెస్టు వారెంటు కోసం కోర్టుకి కాగితం పంపుతున్నాను."

"కారు కిందకి దూరి చూశావా?"

"చూడ్డానికి ఏముంది? తుక్కుతుక్కయింది."

"అయితే నాలుగింటిదాకా ఆగు. నేను చూస్తాను."

* * *

పోలీసు యార్డులో, రేకుల కప్పు కింద, సెనా కారును ర్యాంపు మీద పైకి లేపి ఉంచారు. పదకొండుంపావు. నెజు తనతోపాటు ఒరిమోని కూడా తీసుకొచ్చింది. ఒకటే షరతు: చేతులు జేబుల్లో, కళ్ళతోనే చూడాలి.

కారు కిందకి రాగానే ఒరిమో ఆగిపోయాడు. డ్రైవర్ తలుపు ఉండాల్సిన చోట ఎండిన మరక కనబడుతోంది. అతను అటు తిరిగి, చనిపోయినవాడికి నమస్కారంగా నడుం దాకా వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. నెజు తొందరపెట్టలేదు.

తరవాత ఆమె పరీక్ష ఆఫీసు నుంచి తెప్పించిన కాగితం విప్పి పట్టుకుంది. సైలెన్సర్ మీద రివెట్లు కొట్టిన చిన్న రేకు ఉంది. టార్చి వేసి దాని మీది నంబరు ఒక్కొక్క అంకెగా చదివింది. కాగితంలో ఉన్నదే. స్ప్రింగుల మీద అచ్చు వేసిన అక్షరాలు చూసింది. అవీ కాగితంలో ఉన్నవే. పరీక్షలో ఉన్న సామానే ప్రమాదం వేళ కూడా కారుకి ఉంది. మకాబే చెప్పిన మూడు గంటల కథ అక్కడితో సరి.

"ఇదేమిటి?" ఆమె టార్చి వెలుగులో నట్ల మీద సన్నని పసుపు గీతలు కనిపించాయి.

"నా గుర్తులండీ. బిగింపు పూర్తయ్యాక నట్టు మీంచి పక్కనున్న ఇనుము మీదిదాకా రంగుతో ఒకే గీత గీస్తాను. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత రెండు ముక్కలవుతుంది. చూడగానే తెలిసిపోతుంది."

ఆమె ఒక్కొక్క గీతా చూసుకుంటూ వచ్చింది. స్ప్రింగుల దగ్గర అన్నీ ముక్క కాకుండా ఉన్నాయి. బ్రేకుల దగ్గరా అంతే. ముందు కుడి చక్రం ఊడి పక్కకు వేలాడుతోంది, దాన్ని స్టీరింగుకి కలిపే కడ్డీ జారి విడిపోయి ఉంది. ఆమె ఎడమవైపుకి వచ్చింది. ఆ పక్కన పెద్దగా దెబ్బ తగల్లేదు. స్టీరింగు కడ్డీ చివరి నట్టు దాని చోట్లోనే ఉంది.

కానీ దాని మీది పసుపు గీత కిందకి చూస్తోంది. పక్క ఇనుము మీది గీత పైకి చూస్తోంది.

"సగం చుట్టు," అన్నాడు ఒరిమో.

"పడ్డ దెబ్బకి తిరిగుండొచ్చు," వెనకనుంచి మకాబే గొంతు. ఎప్పుడొచ్చాడో, కోటు మీద వాన చుక్కలతో నిలబడి ఉన్నాడు. "నిందితుణ్ణి తీసుకొచ్చి సాక్ష్యం చూపిస్తున్నావా? నీకు మతి గానీ పోయిందా?"

"దెబ్బకి ఇనుము వంగుతుంది, లేదా విరుగుతుంది. నట్టు నీటుగా సగం చుట్టు తిరిగి ఆగుతుందా? దగ్గరికి రా, మూలలు చూడు. స్పానర్ పట్టిన చోట ఎలా మెరుస్తోందో. మట్టి లేదు, తుప్పు లేదు."

"అయితే ఇతనే వదులు చేశాడు."

"ఎప్పుడు?" నెజు కాగితం అతని ముఖం ముందు పెట్టింది. "పదీ ముప్ఫై ఒకటికి ఈ కారు పరీక్షలో నేలపలక మీదుగా నడిచింది. చక్రాలు పక్కకి ఎంత లాగుతున్నాయో ఆ పలక చెబుతుంది. అయిదు మిల్లీమీటర్ల దాకా పాస్. దీనికి వచ్చింది సున్నా పాయింట్ రెండు. అంటే అప్పటికి ఈ నట్టు బిగువుగానే ఉంది. ఆ తరవాత ఇతను పదకొండున్నరదాకా కౌంటర్ దగ్గరే కూర్చున్నాడు. అక్కడి కెమెరా నేను నిన్ననే చూశాను. బాత్రూంకి కూడా లేవలేదు."

మకాబే ఏదో అనబోయాడు. ఒరిమో అడ్డొచ్చాడు.

"ఆ రోజు మూడు కార్లు."

"ఏంటి?"

"నేను పరీక్షకి తెచ్చినవి మూడు. ఇది, సోబా నూడుల్స్ హోటలాయన ఆకుపచ్చ కారు, జిల్లా ఆసుపత్రి నర్సు హాగా గారి నీలం కారు. మిగతా రెండూ ఆపండి. వాళ్ళని స్టీరింగు పట్టుకోవద్దనండి. ఇప్పుడే!"

నెజు అక్కడే ఫోన్ తీసింది. సోబా హోటలాయన రెండో రింగుకే పలికాడు. కారు సోమవారం నుంచి హోటలు వెనక షెడ్డులోనే ఉందట, కస్టమర్ల రద్దీతో కదల్చలేదట. హాగా ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆపరేషన్ థియేటర్లో ఉందని వార్డువాళ్ళు చెప్పారు. నెజు ఒక గస్తీ జీపును హోటలుకీ, ఇంకోదాన్ని ఆసుపత్రి పార్కింగుకీ పంపింది.

"ఒరిమో గారూ, ఆ మూడు కార్లూ ఒకేచోట, మీ కళ్ళ ముందు కాకుండా ఎంతసేపున్నాయి?"

అతను వాన వైపు చూశాడు. "గుర్తులేదు."

నాలుగు మిల్లీమీటర్లు గుర్తున్న మనిషికి ఆ సంగతి గుర్తులేదట. నెజు అది గమనించింది. కానీ అతని ముఖంలో ఉన్నది భయం కాదు. ఏదో ఒప్పేసుకున్న మనిషిలా ఉన్నాడు. దాన్ని ఏమనుకోవాలో ఆమెకు తెలియలేదు.

"నన్ను ఇంటికి పోనిస్తారా?" అన్నాడతను మెల్లగా. "సాయంత్రం నేనే వస్తాను. మీరు పిలవక్కర్లేదు."

"పోనివ్వడమా! వీల్లేదు," అన్నాడు మకాబే.

"వారెంటు ఉందా నీ దగ్గర?"

"నాలుగింటికి ఉంటుంది."

"ఇప్పుడు పన్నెండూ ముప్ఫై అయిదు. ఆయన వెళ్ళొచ్చు."

మకాబే ఆమెకు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. "ఇది తిరగబడితే నీ పేరే రాస్తాను రిపోర్టులో. పెద్దక్షరాలతో."

"రాయి. ఈసారైనా కారు కిందకి దూరి చూసి రాయి."

* * *

ఒకటీ పదికి హోటలు నుంచి కబురొచ్చింది. ఆకుపచ్చ కారుకి ముందు రెండు చక్రాల దగ్గరా పసుపు గీతలు తెగి ఉన్నాయి. సగం చుట్టు. అచ్చం అలాగే.

ఒకటీ యాభైకి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. స్టాఫ్ పార్కింగులో హాగా గడి ఖాళీగా ఉంది. నీలం కారు లేదు. హాగా ఇంకా థియేటర్లోనే ఉంది.

నెజు సంచిలోంచి నాచు చుట్టిన అన్నం ముద్ద తీసి, సగం తిని పక్కన పెట్టేసింది. ఒరిమోని చెడగొట్టాలనుకున్న పోటీ గ్యారేజీవాడెవడైనా సరే, మూడు కార్ల కిందకీ దూరాలంటే వాటి పక్కన నిలబడి ఉండాలి. సోమవారం పదీ నలభై అయిదు నుంచి పదకొండున్నర దాకా మూడూ నిలబడిన చోటు ఒక్కటే. ఉబుకాత షెడ్డు సంగతి ఒరిమోయే పొద్దున మొదట్లోనే చెప్పాడు. ఆ తరవాత అడిగితే గుర్తులేదన్నాడు. ఎవర్ని కాపాడుతున్నాడు?

ఆమె ఒరిమో గ్యారేజీకి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

రెండూ ఇరవై అయిదుకి ఆమె ఉబుకాత షెడ్డు ముందు దిగింది. షట్టరు సగం దించి ఉంది. లోపల పని బల్ల మీద పొడవాటి స్పానర్, దాని పక్కన చల్లారిన టీ కప్పులు రెండు. మనుషులెవరూ లేరు. వెనక ఇంట్లోంచి డెబ్భయ్యేళ్ళకు దగ్గరున్న ఒకామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఉబుకాత భార్య.

"ఆయన లేరండీ. మధ్యాహ్నం ఏదో నీలం కారు తీసుకొచ్చారు. రెండు దాటాక మళ్ళీ దాంట్లోనే వెళ్ళిపోయారు. నేను వెనక వసారాలో బట్టలారేస్తున్నాను, ఇంజిన్ చప్పుడు మాత్రం వినపడింది." ఆమె నెజు ముఖంలోకి చూస్తూ చూస్తూ ఆగిపోయింది. "మిమ్మల్ని నేనెరుగుదును."

"అమ్మా?"

"ఆరేళ్ళ కిందట సంతకం పెట్టిన ఆఫీసరమ్మ మీరే కదూ. లోపలికి రండి. చెప్పులు అక్కడ విప్పండి."

లోపలి గదిలో అగరొత్తుల వాసన. గోడ పక్కన, పోయినవాళ్ళ కోసం పెట్టుకునే నల్ల చెక్క పూజా పెట్టెలో ఇరవై నాలుగేళ్ళ కుర్రాడి ఫోటో. నవ్వుతున్నాడు. నెజుకి ముందు పేరు గుర్తురాలేదు. తరవాత ఫైలు గుర్తొచ్చింది. నాలుగే పేజీలు. ఉబుకాత షింగో. అతివేగం. రాసింది మకాబే. కింద మూడో సంతకం తనది. అది పెట్టడానికి ఆమెకు పట్టింది బహుశా రెండు నిమిషాలు.

"ఒరిమో గారి దగ్గరే చేయించాడండీ వాడు," అందామె, పాత సంగతి చెప్పే గొంతుతోనే. "పరీక్షకి మామూలు స్ప్రింగులు బిగించారు. పాసయింది. మా ఆయనే సరిచూసి పంపారు ఆ కారుని. సాయంత్రం అవి తీసి పందెం స్ప్రింగులు ఎక్కించారు. మూడో రోజు కొండమీద తొమ్మిదో మలుపులో స్ప్రింగు విరిగింది. మా ఆయన విరిగిన ముక్క వెతికి తెచ్చుకున్నారు. న్యూసుపేపర్లో చుట్టుకుని మీ స్టేషన్‌కి రెండుసార్లొచ్చారు. బెంచీ మీద కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపించేశారట కదా."

ఆ బెంచీ మీద కూర్చున్న మనిషి నెజుకి కళ్ళకు కట్టినట్టు కనిపించాడు. ఒళ్ళో న్యూసుపేపరు పొట్లం. 'కాగితం మీద పాసని ఉంది కదండీ, ఉబుకాత గారూ' అని తనే అంది. అదే మాట.

"అమ్మా, మీవారు ఒరిమో గారితో ఎప్పుడూ గొడవ పడలేదా?"

"ఎన్నడూ లేదు. ఆరేళ్ళూ కార్లు తెచ్చాడాయన. వచ్చినప్పుడల్లా ఆ ఫోటో ముందు అగరొత్తి వెలిగించేవాడు. మా ఆయన టీ ఇచ్చేవారు. ఇద్దరూ ఆ సంగతి మాత్రం ఎత్తేవారు కాదు." ఆమె ఒళ్ళో చేతులు బిగించుకుంది. "మొన్న రాత్రి వార్తల్లో ఆ మంగలబ్బాయి సంగతి చెప్పారు. మా ఆయన భోజనం దగ్గర్నుంచి లేచిపోయారు. 'స్టీరింగు లాగుతోందని వాళ్ళు తిరిగొస్తారనుకున్నాను. వచ్చి ఒరిమో మీద అరుస్తారనుకున్నాను. కొండెక్కుతాడని నేననుకోలేదు' అన్నారు. ఏమిటని అడిగితే ఇంకేం చెప్పలేదు. రెండు రాత్రులు ఆ స్పానర్ పట్టుకుని అలా కూర్చునే ఉన్నారు. ఆయన ఏం చేశారండీ? చెప్పండి నాకు. ఏం చేశారు?"

సమాధానం చెప్పేలోగా ఫోన్ మోగింది. రెండూ యాభై.

"నేను హాగానండీ, నర్సుని. ఇప్పుడే థియేటర్లోంచి బయటికొచ్చాను. పదకొండు మిస్డ్ కాల్సున్నాయి."

"మీ కారెక్కడుంది?"

"ఉబుకాత గారు తీసుకెళ్ళారు కదా! ఒంటిగంటన్నరకి వార్డు కౌంటర్ దగ్గరికొచ్చారట. లైట్లు సరిచేయడంలో ఏదో పొరపాటు జరిగింది, సరిచేసి తెచ్చిస్తానన్నారట. ఎంత మర్యాదస్తులో! నా తాళం కౌంటర్లోనే ఉంటుంది, వార్డువాళ్ళు ఇచ్చేశారట."

"ఈ రెండు రోజులూ నడిపారా? ఏమైనా తేడా అనిపించిందా?"

"ఇంటికీ ఆసుపత్రికీ మధ్య రెండు కిలోమీటర్లేగా. స్టీరింగు కొంచెం పక్కకి లాగినట్టుండేది. కొత్తగా చేయించాం కదా, అలవాటవుతుందిలే అనుకున్నాను. ఏమండీ? ఏమైంది?"

నెజు గుమ్మంలోకి వచ్చి షెడ్డు వైపు చూసింది. సరిచేయడానికే కారు తెచ్చుకున్నట్టయితే, స్పానర్ తీసి చేయడానికి పావుగంట చాలు. బల్ల మీద స్పానర్ పొడిగా, శుభ్రంగా ఉంది; అంటే నీలం కారు నట్లు ఇంకా వదులుగానే ఉన్నాయి. దాని పక్కన కప్పులు రెండు. భార్య వెనక బట్టలారేస్తోంది. అయితే రెండో కప్పు ఎవరిది?

ఇంటికి పోతానన్నాడు ఒరిమో. గ్యారేజీలో ఫోన్ ఎత్తలేదు.

ఆమె మకాబేకి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావు?"

"అయిదో మలుపు దగ్గర. నీ పుణ్యమా అని కొలతలన్నీ మళ్ళీ తీయిస్తున్నాను. సంతోషమా?"

"రెండు తలుపుల నీలం కారు ఏదైనా..."

"ఇప్పుడే పోయింది. రెండు నిమిషాలయింది. పైకి."

"ఆపలేదా?"

"చెయ్యెత్తాను. ఆగలేదు. వేగంగా కూడా లేదు, పెళ్ళి ఊరేగింపులా పోతోంది. ముసలాయన నడుపుతున్నాడు. పోతూ పోతూ నాకు తల వంచి నమస్కారం కూడా పెట్టాడు." మకాబే గొంతులో వెటకారం పోయింది. "నెజూ, పక్క సీట్లో ఉన్నది ఎవరో తెలుసా? ఇందాక నువ్వు వదిలేసిన మనిషి. బలవంతంగా ఎక్కించినట్టు లేదు. బెల్టు పెట్టుకుని, ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు."

నెజు షట్టరు కిందనుంచి వంగి వానలోకి వచ్చేసింది. పరిగెడుతూనే చెప్పింది. నట్ల సంగతి, మూడు కార్ల సంగతి, ఆకుపచ్చ కారు సంగతి, నీలం కారుకి స్పానర్ తగల్లేదన్న సంగతి. చివర్న ఆ పేరు చెప్పింది.

"మకాబే?"

"ఉబుకాత," అన్నాడతను. "స్ప్రింగు ముక్క పట్టుకొచ్చినాయన."

"ఆయనే. తొమ్మిదో మలుపులో పోయాడు కొడుకు. అక్కడికే తీసుకెళ్తున్నాడు ఒరిమోని. నీ వాళ్ళు ఎంతమంది రోడ్డు మీదున్నారు?"

"నలుగురు."

"కొండవైపుకి జరుపు. లోయవైపు ఎవ్వరూ ఉండొద్దు. కింద గేటు మూయించు. పైనుంచి దిగడానికి వేరే దారుందా?"

"లేదు. ఇదొక్కటే." అతను ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయకుండానే అరిచాడు. నలుగురి బూట్లు తడి రోడ్డు మీద పరిగెత్తిన చప్పుడు ఆమెకు వినిపించింది. మళ్ళీ అతని గొంతు, బాగా తగ్గి: "ఆగు. పైన ఇంజిన్ ఆగిపోయింది."

నెజు తన కారెక్కింది గానీ తాళం తిప్పలేదు. తిప్పితే వినపడదని భయం. ఇద్దరూ రెండు చివర్లా ఊపిరి బిగబట్టి విన్నారు. వాన తప్ప ఏమీ లేదు. ఒక నిమిషం. వాళ్ళు దిగారేమో. ఆ మలుపు దగ్గర నిలబడి, ఆరేళ్ళుగా ఎత్తని మాట ఎత్తారేమో. రెండో నిమిషం. మూడో నిమిషంలోకి వచ్చాక ఆమె మొదటిసారి ఊపిరి వదిలింది.

"మకాబే, నువ్వు నడిచి పైకెళ్ళు. ఒక్కడివే. మెల్లగా పిలు. క్షమించమని అడుగు ఆయన్ని. నా తరఫున కూడా అడుగు..."

"నెజూ."

"చెప్పు."

"మళ్ళీ స్టార్టయింది," అన్నాడు మకాబే. "ఈసారి ఊరేగింపులా లేదు. దిగుతున్నారు."